మిరియాల మీద మండిపడ్డ నౌకాధిపతి

గుంటూరు మిర్చి యార్డు పక్కగా వెళ్లినప్పుడల్లా, తుమ్ముల మధ్య, నాకు ప్లినీ గుర్తొస్తాడు. రోమన్ దొర. వెస్పాసియన్ చక్రవర్తికి బాగా కావలసినవాడు, మిసీనమ్ రేవులో నౌకాదళాధిపతి. తీరిక ఎక్కడ దొరికిందో గానీ 37 సంపుటాల ప్రకృతి చరిత్ర రాసిపడేశాడు. అందులో మన ఆంధ్రుల లెక్కా ఉంది: 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు. ఆయన ఇటువైపు వచ్చింది లేదు. అంతా విన్నదీ చదివిందే.

క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైతే ఓడలు తీయించి జనాన్ని కాపాడబోయాడు. అసలే ఊపిరి సరిగా ఆడని మనిషి, స్టాబియే ఒడ్డున ఆ పొగలో ప్రాణం పోయిందని మేనల్లుడు రాశాడు.

బతికుండగా ఆయన్ని బాగా మండించింది మిరియాలు. ఘాటు తప్ప ఏముంది వాటిలో, దానికోసం ఇండియా దాకా పోవాలా అని ఒకటే విసుగు! ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని లెక్క కట్టాడు. మిరియాలు కేరళవి. మన వైపు నుంచి వెళ్లినవి సన్నని నూలు బట్టలు. కృష్ణా తీరాన నేసిన వాటి ప్రస్తావన ఆ కాలపు గ్రీకు సముద్ర వర్తక గ్రంథం ‘పెరిప్లస్’లో ఉంది. వినుకొండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. శాతవాహనులైతే నాణేల మీదే ఓడ బొమ్మ వేయించుకున్నారు.

మిరప సంగతంటారా, అప్పటికది అమెరికా దాటలేదు. పోర్చుగీసు వాళ్ల పుణ్యమా అని 1500 తర్వాతే మన దేశానికి చేరింది.