నోరు విప్పించే విద్య

"శిక్షణ అనే మాటలోనే శిక్ష ఉందర్రా" అంటారు మా ఊరి పెద్దాయన ఒకరు. హాస్యానికే అన్నా అందులో నిజం లేకపోలేదు. శిక్షణ తరగతి అనగానే మన కళ్ళ ముందు మెదిలేదేమిటి? ఒక షామియానా, ఒక మైకు, గంటన్నర ఉపన్యాసం, హాజరు పట్టీలో సంతకాలు, చివర పులిహోర పొట్లం. "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడుగుతారు. ఎవరూ పలకరు. అందరికీ అర్థమైందని లెక్క కట్టుకుని సభ ముగిస్తారు. కాని నిజంగా అర్థమైనవాడు ఊరికే కూర్చుంటాడా? ఏదో ఒకటి అడగడూ?

దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతిని కిందటి ఖరీఫ్‌లో మా ఊరి వరి మళ్ళలోనే చూశాను. నర్సీపట్నానికి దగ్గర్లో, తాండవ ఆయకట్టులో మా ఊరు. ఆ పద్ధతి పేరు పొలంబడి.

దీని పుట్టిల్లు ఇండోనేషియా. అక్కడ మందులు కొట్టిన కొద్దీ వరిలో సుడిదోమ పెరిగిపోయింది. కారణం జంతుశాస్త్రం చదివేవాళ్ళకి తేలిగ్గానే బోధపడుతుంది. దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి. దోమను తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు మాత్రం మందుకి చచ్చిపోతాయి. గుడ్లు పగిలి పిల్లలు వచ్చేసరికి వాటికి శత్రువే ఉండడు. 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల మందుల్ని నిషేధించింది. నిషేధిస్తే సరిపోతుందా? ఆ సాలీడు రైతు కంటికి ఆనాలి కదా! అందుకని 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. ఎన్నో దేశాలకు పాకిన ఆ బడి మన దగ్గర పొలంబడి అయింది.

పద్ధతి చూడటానికి మామూలే. పాతిక ముప్ఫై మంది రైతులు, వారానికొక పూట, పంటకాలమంతా. ఐదేసి మంది జట్లుగా మడిలోకి దిగుతారు. కొన్ని దుబ్బులు ఎంచుకుని పిలకలెన్ని, పురుగులెన్ని, పురుగుల్ని తినే పురుగులెన్ని అని లెక్క పెడతారు. గట్టెక్కి చార్టు మీద నడుమ వరి దుబ్బు, ఒకపక్క శత్రు పురుగులు, మరోపక్క మిత్ర పురుగుల బొమ్మలు వేస్తారు. ఆ బొమ్మ పట్టుకుని జట్టులో ఒకరు అందరికీ వివరించాలి. ప్రతి వారం వేరే మనిషి.

నన్ను ఆకట్టుకున్నది దాన్ని నడిపిన వ్యవసాయ సహాయకురాలి తీరు. ఒక రైతు పురుగుని అరచేతిలో పెట్టుకొచ్చి "ఇదేటమ్మా?" అన్నాడు. పేరు ఆవిడకి తెలుసు. నాకూ నాలుక చివర ఆడుతోంది. ఆవిడ చెప్పలేదు. "ఎక్కడ దొరికింది? అప్పుడేం చేస్తోంది?" అని ఎదురడిగింది.

"దుబ్బు మొదట్లోనమ్మా. దోమని పట్టుకు పీల్సేస్తన్నాది."

"అయితే మనకి చుట్టమా, పగవాడా?"

రైతు నవ్వేశాడు. పేరు చెప్పి ఊరుకుంటే సాయంత్రానికి మరిచిపోయేవాడు. తన కంటితో చూసింది మరిచిపోడు.

చేను పొట్ట మీదున్న ఒక వారం దోమ కనబడింది. ఆ రోజే మందు కొట్టాలని సగం మంది పట్టు. "కొట్టకపోతే పంటకి పూచీ ఎవరు?" అని ఒక మోతుబరి గొంతు పెంచాడు. అందరూ ఆయన ముఖం చూసి ఊరుకున్నారు. ఆవిడ వాదనకి దిగలేదు. వెనక గట్టు మీద కూర్చున్న కూలి ఆడవాళ్ళ వైపు తిరిగి, "మొన్నటిదాకా వంగి కలుపు తీసింది మీరు. మీకేం కనబడింది?" అంది. ఒకామె కొంగు సర్దుకుని, "కిందటేడు మందు కొట్టిన మళ్ళో సేతికి సాలీడు గూడు తగలనేదమ్మా. ఈ ఏడు ఏ దుబ్బు సూసినా గూళ్ళే" అంది.

మళ్ళీ మడిలోకి దిగి లెక్క పెట్టారు. ఈనిక దశలో దుబ్బుకి 20 నుంచి 25 దోమలుంటే మందు కొట్టమని సిఫారసు. మా మడిలో ఎనిమిది దాటలేదు. నీరు తీసి మడి ఆరబెట్టి వారం ఆగుదామనుకున్నారు. మా ఇంట్లో మందంటే అరువు, అరువంటే వడ్డీ. తేవాలా మానాలా అన్నది ఆ గంటసేపటి మాటల్లో తేలింది. మరుసటి వారం దోమ పెరగలేదు. మా నాన్న ఆ అప్పు చెయ్యలేదు.

నేను గ్రహించింది ఇది. జట్టు చిన్నదైతేనే సిగ్గరి నోరు విప్పుతాడు. పెద్ద గొంతు సభను ఆక్రమించకముందే చిన్న గొంతుని పిలవాలి. పేచీ వస్తే తీర్పు లెక్కకి వదిలెయ్యాలి. నడిపేవారు ఆఖరున మాట్లాడాలి. అయితే అన్నిటికీ చర్చ పనికిరాదు. మందు కలిపేటప్పుడు చేతికి తొడుగు, ముక్కుకి గుడ్డ ఉండాలన్నది ఓట్లతో తేల్చే సంగతి కాదు. అది సూటిగా చెప్పాల్సిందే. ఆవిడా అలాగే చెప్పింది.

మనుషుల్ని మాట్లాడనిస్తే ఎంత దూరం వెళుతుందో మన చరిత్రే చెబుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దడానికి వచ్చిన ఆడవాళ్ళు వాచకంలోని కథ మీద మాట్లాడుకుంటూ తమ ఇళ్ళలోని సారా దగ్గరికి వచ్చారు. ఆ మాటలు ఉద్యమమయ్యాయి. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

ఇక మన సంగతి. మన సెమినార్లలో ఒకరు చదువుతారు, అరవై మంది విన్నట్టు కూర్చుంటారు. అడిగితే నవ్వుతారేమోనని భయం. గురువులు, యూనియన్ మిత్రులు ఆలోచించాలని నా మనవి. వచ్చే ఏడు ఒక్క సెమినారైనా ఐదేసి మంది జట్లుగా, వెనక బెంచీతో మొదలుపెట్టి జరిపి చూద్దాం. రేపు మనలో కొందరు బడుల్లో, బ్యాంకుల్లో, మరికొందరు అచ్యుతాపురం, పరవాడ ఫ్యాక్టరీల్లో పదిమందికి పని నేర్పే చోట నిలబడతారు. ఎదుట కూర్చున్నవాళ్ళలో మనకంటే ఎక్కువ చూసినవాళ్ళు ఉంటారు. వాళ్ళనడిగి తెలుసుకునే అలవాటు ఇక్కడే చేసుకుంటే మంచిది.