పదిలో జోరు, ఒకటిలో కరువు

జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే సంగారెడ్డి జిల్లాలోని హత్నూర వెళ్లాను. 2025 పదో తరగతి ఫలితాల్లో తెలంగాణ మొత్తమ్మీద ఉత్తీర్ణత 92.78 శాతం. మహబూబాబాద్ తర్వాత రెండో స్థానం ఈ జిల్లాదే. పక్కనున్న వికారాబాద్ 73.97 దగ్గరే ఆగి, అట్టడుగున నిలిచింది. ఇంత తేడా ఎట్లా వచ్చిందో చూద్దామనిపించింది.

హైస్కూల్ స్టాఫ్ రూములో జవాబు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. పొద్దున, సాయంత్రం ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు. వెనకబడిన పిల్లల్ని టీచర్లు తలా కొందరిని దత్తత తీసుకుంటారు. బడికి రాకపోతే ఇంటికే ఫోన్. పాస్ మార్కు 35 అన్నదీ, నూటికి 20 బడిలోనే వేసే ఇంటర్నల్ మార్కులన్నదీ మరిచిపోకూడదు. అయినా ఆ కష్టం కష్టమే.

అదే ఉత్సాహంతో ప్రాథమిక బడికి వెళితే ఒకటో తరగతి వరుస పలచగా ఉంది. ఉచిత పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం, గుడ్డు, 2022 నుంచి ఇంగ్లిష్ మీడియం అన్నీ ఉన్నాయి. లేనిది పిల్లలే.

ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించే బడిబాటకు బయల్దేరిన టీచర్ల వెంట నేనూ నడిచాను. గుండ్ల మాచనూరు, బొర్పట్ల వైపు మందుల కంపెనీల్లో షిఫ్టులకు పోయే ఇళ్లు చాలా ఉన్న మండలమిది. ఒక తల్లి తలుపు దగ్గరే తేల్చేసింది: “మూడేండ్లకే నర్సరీల ఏసినం సారూ. బస్సు ఇంటి ముందటికే వస్తది. ఇప్పుడు తీసి ఈడ ఏస్తే, వాని దోస్తులంత ఆడ, వాడు ఈడ.”

ఆమెను తప్పుపట్టడానికి నాకు మాట దొరకలేదు. చాలాచోట్ల సర్కారు బడి తలుపు తెరుచుకునేది ఒకటో తరగతికే. అప్పటికే ఆ పిల్లవాడు మూడేళ్లు టై కట్టుకొని బస్సెక్కాడు. అంగన్‌వాడీ ఉంది కానీ, తల్లిదండ్రుల లెక్కలో అది పౌష్టికాహారం పెట్టే చోటు, చదువు చెప్పే చోటు కాదు.

ఇంకో గండి సర్కారే కొట్టుకుంది. నాలుగో తరగతిలో చురుగ్గా ఉన్నవాళ్లు ప్రవేశ పరీక్ష రాసి, ఐదో తరగతికి గురుకులాలకు వెళ్లిపోతారు. పిల్లలకు మంచిదే, తీర్చిదిద్దిన టీచరుకు గర్వమే. ఊరి బడికి మాత్రం సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గితే సర్దుబాటు పేరుతో టీచర్ పోస్టు పోతుంది. ఒకే టీచర్ మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టడం చూసిన తండ్రి మరుసటేడు తన రెండో బిడ్డను కూడా బస్సెక్కిస్తాడు.

పదో తరగతి మీద పెట్టే శ్రద్ధలో సగం మూడేళ్ల పిల్లల మీద పెట్టినా ఈ వరుస నిండుతుంది. ప్రీ ప్రైమరీ ఏవో కొన్ని ఎంపిక చేసిన బడుల్లో పెడితే చాలదు. హత్నూర లాంటి మండలాల్లో ప్రతి ప్రాథమిక బడికీ ఆ తరగతి కావాలి, దానికి విడిగా ఒక టీచర్ కావాలి. బస్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు.