విడాకులకు ముందు జమాఖర్చు

పెళ్లి శుభలేఖ, ఇద్దరం కనబడే పెళ్లి ఫొటో, ఆధార్, బాబు జనన ధ్రువపత్రం. ఇవి కాక తెచ్చుకోవాల్సినవన్నీ డబ్బు కాగితాలేనని మా లాయరమ్మ ఫోన్‌లోనే చెప్పింది. ఎవరు ఎవర్ని ఏమన్నారన్నది తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చట.

ఆమె మాటలో పస ఉంది. పెళ్లయ్యాక సంపాదించిందంతా చెరిసగం అనే లెక్క మన చట్టంలో లేదు. మియాపూర్‌లో మా ఫ్లాటు దస్తావేజు ఆయన పేరనే ఉంది. హోమ్‌లోన్‌లో మాత్రం నేను కో-అప్లికెంట్‌ని, ఇద్దరి జీతాలూ చూపిస్తే అప్పు ఎక్కువొస్తుందని. ఇంటి మీద హక్కు కాగితంలో లేదు, అప్పు మీద బాధ్యత మాత్రం సంతకంతో సహా ఉంది. అందుకే దస్తావేజు నకలు కంటే నాకు విలువైనది బిల్డరుకు అడ్వాన్సు కట్టిన నెల నా జీతం ఖాతా స్టేట్‌మెంటు. యాప్‌లో అంత పాతది దొరక్కపోతే బ్రాంచిలో అర్జీ పెట్టి, ముద్ర వేయించి తెచ్చుకున్నాను. ఫోన్ స్క్రీన్‌షాట్లను నమ్ముకోవద్దంది లాయరమ్మ. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులకు ధ్రువపత్రం జతచేయాలి.

ఎక్కువ కష్టపెట్టింది బంగారం. పెళ్లిలో ఆడపిల్లకు పెట్టినది స్త్రీధనమని, అది ఆమెదేనని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏమేం పెట్టారో చూపాలి గదా! వరకట్న నిషేధ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం కానుకల జాబితా రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలి. మన పెళ్లిళ్లలో ఎవరు రాస్తున్నారు? చదివింపుల పుస్తకం మాత్రం పదిలంగా దాస్తాం. అదృష్టవశాత్తూ అమ్మ బీరువాలో నగల బిల్లులున్నాయి. అమ్మమ్మ గొలుసు మార్చి నాకు నెక్లెస్ చేయించిన బిల్లులో పాత బంగారం తూకం విడిగా వేసి ఉంది. బిల్లుల్లేని వాటికి పెళ్లి ఆల్బమే దిక్కు. ఏ నగ ఏ ఫొటోలో ఉందో నంబర్లు వేసుకున్నాను.

ఆయన షేర్లు, ఫండ్ల సంగతి నాకు పెద్దగా తెలియదు. పాస్‌వర్డ్ తెలుసుగా, మెయిల్ తెరిచి చూడమన్నాడు అన్నయ్య. లాయరమ్మ ససేమిరా అంది. ఆ అవసరమూ లేదు. రజనేష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చూపించాలి. ఇద్దరూ అంటే నేనూ. నా ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్, చిట్టీ పుస్తకం అన్నీ ఫైల్లో పెట్టాను. చిట్టీని అమ్మ పేరు మీదికి మార్చేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఒక్క అబద్ధం బయటపడితే మిగతా కాగితాల్నీ ఎవరూ నమ్మరని ఆ మాట వినలేదు.

బాబు స్కూలు ఫీజు, వ్యాను, మందుల రసీదులు కూడా చేర్చాను; భరణం లెక్కకు అవి పనికొస్తాయి. లాయరమ్మకు ఇచ్చినవన్నీ జిరాక్సులే, అసలు కాగితాలు అమ్మ దగ్గరున్నాయి. సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు, తీసి చూడండి. ఎప్పుడో మొహమాటానికి హామీ సంతకం పెట్టిన అప్పులుంటే అందులో తేలతాయి.

హోమ్‌లోన్ ఒప్పందం కాపీని మాత్రం ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టండి. విడాకుల డిక్రీ వచ్చినంత మాత్రాన అప్పులోంచి మీ పేరు పోదు. కిస్తీలు ఆయనే కడతాడని మీరిద్దరూ రాసుకున్న ఒప్పందం బ్యాంకును కట్టిపడేయదు. మిమ్మల్ని తప్పించినట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చేదాకా, కిస్తీ ఆగిన నెల నోటీసు మీ ఇంటికీ వస్తుంది.