కమ్మరి కొడుకు పేరు

ఇంటిపేరు మనిషికి పుట్టుకతో సంక్రమించే తొలి ఆస్తి. పొలం చేతులు మారినా, ఇల్లు కూలిపోయినా పేరు తరాల తరబడి నిలుస్తుందని లోకం నమ్మకం. ఐర్లండు చరిత్ర ఈ నమ్మకాన్ని కొంత సవరిస్తుంది. అక్కడ పేరు కూడా పొలం వలెనే చేతులు మారింది. ఒకప్పుడు శాసనం దానిని మార్చింది, మరొకప్పుడు గుమాస్తా కలం మార్చింది.

ఐరిష్ భాషలో 'ఓ' అంటే మనుమడు, 'మాక్' అంటే కొడుకు. పది, పదకొండు శతాబ్దాల నాటికే ఈ రెండు మాటల మీద వంశనామాలు స్థిరపడసాగాయి. తెలుగునాట గ్రామ కైఫీయతులను సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ స్కాట్లండు వాడు. ఆయన పేరుకు ముందున్నది కూడా, సోదరభాష నుండి వచ్చిన ఆ 'మాక్' శబ్దమే. ఐర్లండులోని క్యావన్ కౌంటీలో 'మాక్ అన్ గౌవన్' అనే వంశం ఉండేది. దాని అర్థం కమ్మరి కొడుకు. వృత్తిని బట్టి, ఊరిని బట్టి ఇంటిపేర్లు ఏర్పడిన మన దేశంలో ఈ పేరు ఎవరికీ వింతగా తోచదు.

1465లో డబ్లిన్, మీత్, లౌత్, కిల్డేర్ కౌంటీలలోని ఐరిష్ ప్రజలు ఆంగ్లనామాలు ధరించాలని ఒక చట్టం వచ్చింది. ఊరిపేరో, రంగుపేరో, వృత్తిపేరో, ఉద్యోగపు పేరో పెట్టుకొమ్మని అది సూచించింది. నాడు ఆ చట్టం అధికారం కొద్దిపాటి ప్రాంతానికే పరిమితం. తరువాతి శతాబ్దాలలో ఆంగ్లపాలన విస్తరించిన కొలదీ, క్యావన్‌లోనూ అదే జరిగింది. మాక్ అన్ గౌవన్ కొందరి ఇళ్ళలో 'మెక్‌గోవన్' అయింది. ఎక్కువమంది ఇళ్ళలో అర్థానువాదం పొంది 'స్మిత్' అయింది. ఇంగ్లండు నుండి వచ్చి స్థిరపడిన స్మిత్‌లు వేరే ఉన్నారు. 1890 నాటి జననాల లెక్కలను బట్టి రాబర్ట్ మాథిసన్ 1894లో ప్రకటించిన నివేదికలో, మర్ఫీ, కెల్లీ, సల్లివన్, వాల్ష్ తరువాత ఐదవ స్థానం స్మిత్‌దే. ఇందులో ఎవరు వలస వచ్చిన వారి సంతతి, ఎవరు కమ్మరి కొడుకుల సంతతి అన్నది పేరు చెప్పదు. ఊరు చెప్పాలి.

అందుచేత పూర్వీకులను వెదకడానికి అమెరికా నుండో, ఆస్ట్రేలియా నుండో వచ్చే మనుమడు మొట్టమొదట తెలుసుకోవలసినది 'టౌన్‌లాండ్' పేరు. ఐర్లండులో అరవై వేలకు పైగా ఉన్న ఈ చిన్న భూవిభాగాలే అక్కడి రెవెన్యూ లెక్కలకు పునాది. ఆ పేరు చేతికి చిక్కితే అతడు వెనుకకు నడవవచ్చు. 1911, 1901 జనాభా లెక్కల పత్రాలు పూర్తిగా ఉన్నాయి. జనన మరణ వివాహాలన్నిటి నమోదు 1864లో మొదలైంది. అంతకు వెనుక 1847–64 మధ్య జరిగిన గ్రిఫిత్ భూమి మదింపు ఉంది. కౌలుదారు పేరు, భూస్వామి పేరు, విస్తీర్ణం, విలువ అందులో కనిపిస్తాయి. తరువాతి సవరణ పుస్తకాలలో పాత కౌలుదారు పేరు కొట్టివేసి, కొత్తవాని పేరు వేరే రంగు సిరాతో వ్రాశారు. తండ్రి ఎప్పుడు గతించాడో, భూమి ఏ కొడుక్కు దక్కిందో ఆ రంగులే చెబుతాయి. మన తహసీలు కచేరీలలో పట్టా మార్పిడి దస్త్రాలు ఎరిగిన వారికి ఈ చదువు కష్టం కాదు.

ఇంకా వెనుకకు 1823–37 నాటి దశమభాగపు పన్ను పుస్తకాలు ఉన్నాయి. వాటిలో కనిపించి గ్రిఫిత్ మదింపులో కనిపించని పేర్లు అనేకం. ఆ రెంటి నడుమ 1845లో మొదలైన మహాక్షామం ఉంది. సుమారు పదిలక్షల మంది మరణించారు. మరో పదిలక్షల మంది దేశం విడిచిపోయారు. భూమి లేని కూలీల పేర్లు పన్ను పుస్తకాలకు ఎక్కనే లేదు కనుక, వారు ఉన్నారనడానికీ, పోయారనడానికీ ఆ పుస్తకాలలో ఆధారం లేదు.

జనాభా లెక్కలలో ఆ కూలీలు కూడా ఉండేవారు. వరాహగిరి వేంకటగిరి 1913 నుండి 1916 వరకు న్యాయశాస్త్రం చదివిన డబ్లిన్ నగరంలోనే, ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ప్రభుత్వ దస్త్రాలయం ఉండేది. అంతర్యుద్ధం ఆరంభమైన రెండు రోజులకు, 1922 జూన్ 30న, పేలుడు, అగ్నిప్రమాదం సంభవించి అది నాశనమైంది. 1821 నుండి 1851 వరకు జరిగిన నాలుగు జనాభా లెక్కల పత్రాలలో అత్యధిక భాగం బూడిద అయింది. అయితే 1861, 1871 లెక్కల పత్రాలను ఆ అగ్ని తాకలేదు. వాటిని ప్రభుత్వమే అంతకు ముందే నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితపు గుజ్జు అయ్యాయి. తుపాకిమందు చేసినంత పని కచేరీ ఉత్తరువు కూడా చేయగలదు.

క్యావన్ కొంత అదృష్టం చేసుకుంది. 1821 లెక్కలలో అక్కడి కొన్ని పారిష్‌ల పత్రాలు మిగిలాయి. 1841 లెక్కలలో కిల్లెషాండ్రా పారిష్ పత్రాలు దక్కాయి. మిగిలిన చోట్ల ఆధారం ఊహించని దిక్కు నుండి వచ్చింది. 1908 చట్టం ప్రకారం, 1909 జనవరి నుండి డెబ్బై ఏళ్ళు నిండిన బీదలకు వారానికి ఐదు షిల్లింగుల వరకు వృద్ధాప్యపు పింఛను ఇవ్వసాగారు. 1864కు ముందు పుట్టిన ఆ వృద్ధులకు జననపత్రాలు లేవు. తల్లిదండ్రుల పేర్లు, చిన్ననాటి టౌన్‌లాండ్ పేరు వ్రాసి వారు దరఖాస్తు పెట్టుకున్నారు. దస్త్రాలయపు ఉద్యోగులు 1841, 1851 లెక్కలు తిరగవేసి, దొరికిన కుటుంబ వివరాలను ఆ ఫారాల మీద ఎక్కించారు. పదమూడేళ్ళ తరువాత మూలగ్రంథాలు కాలిపోయాయి, ఫారాలు నిలిచాయి. దేశపు లెక్క పోయిన చోట, ఐదు షిల్లింగుల కోసం ఒక ముసలమ్మ పెట్టుకున్న అర్జీ నేడు చరిత్రకు ఆధారం.

2022 జూన్‌లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల విద్వాంసులు, ఇతర దేశాల దస్త్రాలయాలలో ఉన్న నకళ్ళను, ఉద్ధరణలను సమకూర్చి, కాలిపోయిన దస్త్రాలయాన్ని కంప్యూటర్ తెర మీద పునర్నిర్మించే ప్రయత్నాన్ని ప్రజల ముందుంచారు. ఎంత కూర్చినా పోయినదంతా తిరిగి రాదు. స్మిత్ అని సంతకం చేసే ఎందరో మనుమలకు తాము కమ్మరి కొడుకులమా కాదా అన్న ప్రశ్న ప్రశ్నగానే మిగులుతుంది. జవాబు దొరికిన వారు మాత్రం, నూరేళ్ళ నాడు పేరూ ఊరూ పొరబడకుండా ఎత్తి వ్రాసిన ఎవరో గుమాస్తాకు ఋణపడి ఉంటారు.