కడుపుమంట

తెలుగువారి మనోవ్యథకు నెలవు హృదయం కాదు, కడుపు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిది కడుపుకోత. పొరుగువాని అభ్యుదయాన్ని ఓర్వలేనివానిది కడుపుమంట. మనసులోని మాట పైకి చెప్పలేనివానికి కడుపుబ్బరం. పెద్ద ముత్తైదువ దీవిస్తే "నీ కడుపు చల్లగుండ" అంటుంది. ఇన్ని మనోభావాలను ఒకే అవయవానికి అప్పగించిన భాషలో, అర్ధరాత్రివేళ నిజంగానే కడుపు మండి లేచి కూర్చునే మనిషికి దక్కే సానుభూతి స్వల్పం. "ఊరికే ఆలోచించకు, అదే తగ్గిపోతుంది" అని ఇంటివారు సలహా చెప్పి నిద్రపోతారు.

ఇంటివారే కాదు, చాలాకాలం వైద్యులు కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పారు. చింత, అతిశ్రమ, కారం, మసాలా - పుండుకు ఇవే కారణాలన్నారు. విశ్రాంతి, పాలు, చప్పిడి కూడు చికిత్సలైనాయి. అంటే రోగి బాధపడటమే కాక, ఆ బాధకు తన స్వభావమే కారణమన్న నిందను కూడా మోయవలసి వచ్చేది. ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్ ఏళ్ల తరబడి కడుపునొప్పి అనుభవించాడు. అదంతా నరాల వల్లనే అనుకున్నారు. 1941 జనవరిలో జూరిచ్ నగరంలో ఆయన ఆంత్రమూలంలోని పుండు చిల్లుపడింది. శస్త్రచికిత్స చేసినా 13వ తేదీన కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 58 సంవత్సరాలు.

జఠరం రోజుకు సుమారు రెండు లీటర్ల రసాన్ని స్రవిస్తుంది. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ కలిసి మాంసాన్ని సైతం జీర్ణం చేస్తాయి. మరి తాను కూడా మాంసపు సంచే అయిన జఠరం జీర్ణమైపోదేమి? దాని లోపలి గోడను ఒక జిగురుపొర కప్పి ఉంటుంది. ఆ పొరలోని క్షారం ఆమ్లాన్ని గోడ దాకా రానివ్వదు. ఈ కవచం సడలినచోట ఆమ్లం గోడను కొరుకుతుంది. అదే పుండు.

కవచాన్ని సడలించే ప్రధాన శత్రువులు రెండు. మొదటిదాన్ని ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో కనుగొన్నారు. 1979లో రాబిన్ వారెన్ అనే వైద్యుడు జఠరపు పొరల్లో మెలితిరిగిన సూక్ష్మజీవులను గమనించాడు. అంతటి ఆమ్లంలో ఏ జీవీ బ్రతకదన్నది ఆనాటి విశ్వాసం. 1981లో బారీ మార్షల్ అనే యువవైద్యుడు ఆయనతో చేయి కలిపాడు. 1982లో ఈస్టరు సెలవుల వల్ల ప్రయోగశాలలో ఎవరూ పారవేయని పళ్లేలలో, ఐదు రోజులకు ఆ క్రిమి పెరిగి కనిపించింది. అది అమోనియాను పుట్టించి, చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచి బ్రతుకుతుంది. లోకం నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే త్రాగాడు. కొన్ని రోజులకే వాంతులు, నోటి దుర్వాసన మొదలై, జఠరం వాచినట్లు పరీక్షలో తేలింది. హెలికోబాక్టర్ పైలోరీ అని పేరుపొందిన ఆ క్రిమిని కనుగొన్నందుకు 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

రెండవ శత్రువు మన ఇళ్లలోనే, మందుల డబ్బాలో ఉంటుంది. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు నొప్పిని పుట్టించే పదార్థాలతో పాటు జిగురుపొరను పోషించే పదార్థాలను కూడా అణచివేస్తాయి. మోకాళ్ల నొప్పికని వైద్యుని అడగకుండా నెలల తరబడి మాత్రలు మ్రింగే పెద్దలకు ఈ సంగతి తెలియదు. పైగా ఆ మాత్రలే నొప్పిని కప్పివేయడం వల్ల, రక్తస్రావమయ్యేదాకా పుండు ఉన్నట్లే తెలియకపోవచ్చు.

ఆంత్రమూలంలో పుండు ఉంటే తరచు ఖాళీ కడుపున, నడిరాత్రి మంట పుట్టి, ఏదైనా తింటే తగ్గుతుంది. జఠరంలో ఉంటే తినగానే నొప్పి రావచ్చు. మలం తారులా నల్లబడటం, కాఫీపొడి వంటి వాంతి లోపలి రక్తస్రావానికి గుర్తులు. హఠాత్తుగా భరించరాని నొప్పి వచ్చి పొట్ట చెక్కలా బిగుసుకుంటే చిల్లుపడిందని అనుమానించాలి. ఇటువంటప్పుడు తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి.

చింతకు అసలు పాత్రే లేదనడం కూడా సరికాదు. చింత, కారం మంటను పెంచవచ్చు. పొగత్రాగడం పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది. కోట్లాది మంది కడుపుల్లో ఈ క్రిమి ఉన్నా, చాలామందికి పుండు పడదు. కాని పడినవారిలో క్రిమి ఉన్నదో లేదో ఊపిరి పరీక్షతోనో, మలపరీక్షతోనో, ఎండోస్కోపీతోనో తెలుసుకోవచ్చు. ఉన్నదని తేలితే, ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు యాంటీబయాటిక్ మందులను సాధారణంగా రెండు వారాలు వాడతారు. మంట తగ్గిందని నడుమ మానివేస్తే క్రిమి మిగిలి, పుండు మళ్లీ వస్తుంది.

ఒకప్పుడు జీవితమంతా వెంటాడిన వ్యాధి నేడు పక్షం రోజుల మందుకు లొంగుతున్నది. అందుచేత కడుపు మండుతున్నదని ఎవరైనా అంటే, వారి మనసులో ఏమున్నదో ఊహించడానికి ముందు ఎన్నాళ్లుగా మండుతున్నదో, ఏ మాత్రలు వేసుకుంటున్నారో అడగడం మేలు. భాషలోని కడుపుమంటకు మందు లేకపోవచ్చు. ఒంటిలోని కడుపుమంటకు ఉన్నది.