వేముల దారిలో... ఇద్దరూ నమ్మే మనిషి కోసం

పులివెందుల నుంచి వేముల వైపు వెళ్తుంటే చీనీ తోటలు, అరటి తోటలు, వాటి వెనక బోడి గుట్టలు. ఇదే మండలంలోని తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. కానీ కడప పేరెత్తగానే మన ఫోన్లలో కనిపించేవి ఇవేవీ కావు. సుమోలు, నాటుబాంబులు, తొడగొట్టడాలు!

సినిమా సంగతి వదిలేయండి. ఫ్యాక్షన్ అంటే ఊరి లోపలి అంతర్యుద్ధమే. అది రెండు మతాల గొడవ కాదు. ఒకే కులం, ఒకే గుడి, చుట్టరికాలు కూడా ఉన్నవాళ్లే చాలాచోట్ల రెండు వర్గాలు. పోలీస్ పికెట్ పెడితే చప్పుడు ఆగుతుంది, పగ ఆగదు. రాజీ నిలవాలంటే ఇద్దరూ నమ్మే మనిషి కావాలి. ప్రతి ఇల్లూ ఏదో ఒక వర్గానిదైన ఊళ్లో ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు?

ఆఫ్రికాలోని మొజాంబిక్‌కూ ఇదే కష్టం వచ్చింది. 1977లో మొదలైన అంతర్యుద్ధంలో దాదాపు 10 లక్షల మంది పోయారు. ప్రభుత్వాన్నీ తిరుగుబాటుదారులనూ ఎదురెదురుగా కూర్చోబెట్టింది రోమ్‌లోని శాంతెజీదియో అనే క్యాథలిక్ సంఘం. మధ్యవర్తుల్లో బైరా ఆర్చిబిషప్ జైమే గొన్సాల్వెస్ ఒకరు. 1990లో మొదలైన చర్చలు 1992 అక్టోబర్ 4న ఒప్పందంతో ముగిశాయి. వాళ్ల వెనక సైన్యం లేదు. ఎవరు గెలిచినా వాళ్లకొచ్చే పదవీ లేదు.

మన కడపకూ అలాంటి వారసత్వం ఉంది. పోతులూరి వీరబ్రహ్మంగారు దూదేకుల ఇంట పుట్టిన సిద్దయ్యను శిష్యుడిగా దగ్గరికి తీసుకున్నారు. ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు. బీబీ నాంచారి వాళ్లింటి ఆడబిడ్డ మరి! పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు వెళ్తారు.

మరి ఇవన్నీ ఉండి కూడా ఫ్యాక్షన్ ఎందుకు ఆగలేదు? నాకు తోచింది ఒక్కటే. మతాల మధ్య గీత చెరపడం మనవాళ్లకు తెలుసు. వర్గాల మధ్య గీత దగ్గరికొచ్చేసరికి గుడి కూడా గీతకు ఒక పక్కకి వెళ్లిపోతుంది. తిరునాలలో మొదటి మర్యాద ఎవరికన్న దగ్గరే పట్టింపులొస్తాయి. నాయకుడి పక్కన కుర్చీ వేయించుకున్న స్వామి అయినా, ఫాదర్ అయినా, హజ్రత్ అయినా మధ్యవర్తి కాలేడు. చనిపోయినవాడి ఇంటికీ, చంపినవాడి ఇంటికీ ఒకేరోజు వెళ్లి కూర్చోగలిగినవాడే ఆ పని చేయగలడు.

ఈసారి బ్రహ్మంగారిమఠం వెళ్తే దర్శనంతో సరిపెట్టకండి. ముడుమాలలో సిద్దయ్య మఠం కూడా చూసి రండి.