గోపాల్‌పూర్ ఇసుకలో ఒక సాయంత్రం

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినప్పుడు, బరంపురంలో మా యింటి పెంకులతో పాటు ఫోనూ పోయింది. మేము క్షేమమన్న కబురు విజయనగరంలో ఉన్న మా అక్కయ్యకు చేరడానికి మూడు రోజులు పట్టింది. తీగలూ టవర్లూ లేకుండా నడిచే మాట ఏదైనా ఉన్నదా అన్న చింత నాకు ఆనాడే పట్టుకుంది. కొంతకాలానికి జీతంలో మిగిల్చి, ఎస్‌ఎస్‌బి మీట ఉన్న చిన్న షార్ట్‌వేవ్ రేడియో ఒకటి కొన్నాను.

ఇంట్లో పెడితే ఒకటే గురగుర. లోపం రేడియోది కాదు; ఎల్‌ఇడి దీపాలు, చార్జర్లు, ఇన్వర్టరు చేసే రొద అది. అందుచేత పోయిన మాఘమాసంలో ఒక ఆదివారం మా ఆవిడను వెంటబెట్టుకొని గోపాల్‌పూర్ వెళ్లాను. లైటుహౌసుకు కొంత దూరాన, సరుగుడు తోపు పక్కన కూర్చున్నాము. దగ్గర కరెంటు తీగలు లేవని చూసుకొని, పది మీటర్ల రాగితీగను ఒక కొమ్మకు కట్టి, రెండవ కొసను ఏరియలుకు తగిలించాను. ఉరుములప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోరాదు.

"ఏమండీ, ఈ గురగుర ఇంట్లో లేదనా ఇంత దూరం తెచ్చారు?" అన్నది మా ఆవిడ.

"పొద్దు గుంకనియ్యి" అన్నాను.

షార్ట్‌వేవ్ అలలు పై ఆకాశంలోని ఐనోస్ఫియర్ అనే పొర నుంచి తిరిగి భూమికి వంగుతాయి గనుక వేల మైళ్లు పోగలవు. పగలు 19 మీటర్ల బ్యాండు, రాత్రి 49, 41, 31 మీటర్ల బ్యాండ్లు వెతకాలి. చీకటి పడగానే 31 మీటర్లలో చైనా మాటలు గణగణ వచ్చాయి. 10,000 కిలోహెర్ట్‌జ్ వద్ద ఆ దేశపు కాలసూచిక సెకనుకొక టిక్కు కొట్టింది. 7,000, 7,200ల మధ్య బాతుల కూతల వంటి రొద వస్తే విసుగుపడకండి. ఎస్‌ఎస్‌బి మీట నొక్కి మెల్లగా తిప్పితే అదే మనిషి గొంతవుతుంది. అమెచ్యూర్లు మాట్లాడుకునే చోటు అది. "వీయూ" అని మొదలయ్యే పిలుపు మన దేశం వారిది.

వలలు సర్దుకుంటున్న ముసలి పల్లెకారు ఒకడు దగ్గరకు వచ్చాడు. అక్కడి పల్లెవారి మాట తెలుగే గదా!

"బాబూ, దీన్లో తుఫాను కబురొస్తాదా?"

హెచ్చరికకు వాతావరణ శాఖ ప్రకటనే ప్రమాణమనీ, అన్నీ తెగిపోయాక ఇటువంటి రేడియోలు అక్కరకు వస్తాయనీ చెప్పాను. 2004 డిసెంబరు 26 సునామీ నాడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున పోర్ట్ బ్లెయిర్ వెళ్లిన భారతీ ప్రసాద్ గారు, అక్కడివారి క్షేమ సమాచారాలు రేడియో మీద బయటి ఊళ్లకు అందించిన సంగతి చెప్పాను.

"ఆ గాలికి మా అమ్మి బతికిందో లేదో నాకు నాల్రోజులు తెలీలేదు. మరి తవరూ మాటాడతారా?"

"లేదు తాతా, వినడమే. మాట్లాడాలంటే ప్రభుత్వ పరీక్ష ప్యాసై లైసెన్సు తీసుకోవాలి."

"అయితే బేగి ప్యాసవ్వండి బాబూ."

మెట్రిక్యులేషన్ తరువాత నేను పరీక్షకు కూర్చోలేదు. ఇప్పుడు రాత్రిళ్లు మా అబ్బాయి పక్కన కూర్చొని చదువుతున్నాను.